దీవి మీద అమ్మవారు

మాంట్రియల్ నుంచి కారులో గంట దూరం వెళితే రిషెల్యూ నది మధ్యలో ఒక దీవి ఉంది. దాని మీద రాతికోట, కోట చుట్టూ నీళ్ల కందకం, మిగతాదంతా గడ్డి. వేసవిలో చిన్న పడవ మీద అవతలికి తీసుకెళతారు. మా ఇంటికి వచ్చిన తెలుగువాళ్లెవరినైనా సరే నేను ముందు అక్కడికి లాక్కెళ్లేదాన్ని. వాళ్లకేమో నయాగరా కావాలి, వెయ్యి దీవుల పడవ షికారు కావాలి. "ముందు ఈ ఒక్క దీవీ చూడండి, ఆ వెయ్యీ తర్వాత చూద్దురుగాని" అనేదాన్ని. మా ఆయన డ్రైవ్ చేస్తూ, "మీ ఆంటీ క్లాసు మొదలైంది, సీటుబెల్టులు పెట్టుకోండి" అని పిల్లల్ని నవ్వించేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెళ్లయిన నాటి నుంచీ ఆయన నాకు చెబుతూనే ఉన్నారు. నా నోరు అలాగే ఉంది, ఆయన చెప్పడమూ అలాగే ఉంది.

నేను డాక్టర్ని. రిటైరై చాలా ఏళ్లయింది. గుంటూరులో చదువుకునే రోజుల్లో మశూచిని కళ్లారా చూసిన ఆఖరి తరం మాది. మా అమ్మ ముఖం నిండా ఆ మచ్చలే. ఆవిడ పక్కలో పడుకుని, ఆ గుంటల్లో వేలు పెట్టి ఆడుకుంటూ నేను పెరిగాను. అందుకే దీవి కథ ఎక్కడో చదివినప్పుడు నాకు కోటలూ ఫిరంగులూ పట్టలేదు. ఆ సైన్యానికి పోసిన అమ్మవారు పట్టింది.

కథ పెద్దదేమీ కాదు. రెండువందల యాభై ఏళ్ల కిందటి మాట. మాకు దక్షిణాన పదమూడు ఇంగ్లీషు వలసలు తమ రాజు మీద తిరగబడ్డాయి. అమెరికా అనే దేశం ఇంకా పుట్టలేదు. తిరగబడినవాళ్లకి ఒక ఆలోచన వచ్చింది: పైన కెనడాలో ఉన్న ఫ్రెంచి రైతులకీ ఆ రాజంటే గిట్టదు కదా, మనం సైన్యంతో వెళితే ఎదురొచ్చి కౌగిలించుకుంటారు, పద్నాలుగో వలస కూడా మనదే. అంతే, బయల్దేరారు. మాంట్రియల్ అయితే పోరాటం లేకుండానే చేతికొచ్చింది. ఇల్లు అలకగానే పండగ కాదు కదా! అసలు కోట క్యుబెక్‌లో ఉంది, కొండ మీద. సిపాయిలు ఏడాది చివరిదాకానే ఉంటామని ఒప్పుకుని వచ్చినవాళ్లు. కొత్త సంవత్సరం వస్తే మూట కట్టుకుని ఇంటికి పోతారు. అందుకని ఏడాది ఆఖరి రోజున, కన్ను తెరవనివ్వని మంచు తుఫానులో ఆ కోట మీద పడ్డారు. సేనాధిపతి మొదటి ఫిరంగి దెబ్బకే పోయాడు. సగంమంది చచ్చారు, లేదంటే దొరికిపోయారు. రైతులా? కొందరు రొట్టెలమ్మారు, కొద్దిమంది కలిశారు, మిగిలినవాళ్లు తలుపులు వేసుకుని పొయ్యి దగ్గర కూర్చున్నారు.

"రైతులు ఎదురొస్తారని వాళ్లకి ఎవరు చెప్పారో మరి!" అన్నాను నేను ఒకసారి ఆ గడ్డి మీద నిలబడి.

"కెనడాల ఇంగ్లీషే నడుస్తది, ఫ్రెంచి అవసరమే లేదు అని మాకు జెప్పిన కన్సల్టెన్సీనే గా సైన్యానికి గూడ జెప్పినట్టున్నది ఆంటీ" అన్నాడు ఒక కుర్రాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కుర్రాడి గురించే ఇదంతా.

విద్యార్థులు కుప్పతెప్పలుగా దిగిన ఏళ్లవి. మెట్రోలో ఎక్కడ కూర్చున్నా వెనకాల సీట్లోంచి తెలుగు వినిపించేది. ఈ అబ్బాయి నాకు అలా మెట్రోలోనే దొరికాడు. బయట మోకాలి లోతు మంచుంటే, కాళ్లకి గుడ్డ బూట్లేసుకుని, ఫోనులో అమ్మతో "చలేం లేదే, అంత మంచిగున్నది" అని అబద్ధాలాడుతున్నాడు. నేను వెనక్కి తిరిగి, "ఫోను పెట్టెయ్యి, ముందు నీ కాళ్లు చూపించు" అన్నాను. బిత్తరపోయాడు పాపం. వాళ్లది కరీంనగర్ వైపు. తండ్రి దుబాయిలో, తల్లి బీడీలు చుడుతుంది. ఇక్కడ కాలేజీలో కంప్యూటర్ కోర్సు, క్లాసులు కాగానే గిడ్డంగిలో ఐస్‌క్రీమ్ డబ్బాలు సర్దే పని. కర్నూలు వైపు అబ్బాయి ఒకడితో కలిసి బేస్‌మెంటులో గది తీసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆదివారాలు మా ఇంట్లో భోజనం. తినేటప్పుడు నేను తిట్టకపోతే, "ఆంటీ, ఒంట్ల బాగలేదా?" అని అడిగేవాడు. నాకు పిల్లలు లేరు. ఉన్నా అంత చనువుగా ఉండేవాళ్లని చెప్పలేను.

దీవి మీద అందరూ ఫోటోలు తీసుకుంటుంటే వాడు మాత్రం నా పక్కనే నడుస్తూ కథ అడిగాడు. చెప్పాను. మంచులో ఓడిపోయాక కూడా ఆ సైన్యం వెళ్లలేదు. కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు, వచ్చినవాళ్లకి వచ్చినట్టే మశూచి పోసింది. అప్పటికి టీకా లేదు కానీ, ఒక పద్ధతి ఉంది. రోగి పొక్కులోంచి రసి తీసి ఆరోగ్యంగా ఉన్నవాడి చర్మం కింద గీరితే రోగం తేలిగ్గా వచ్చి పోతుంది. కొత్తగా వచ్చిన సేనాధిపతి దాన్ని నిషేధించాడు. అందరూ ఒకేసారి జ్వరంతో పడుకుంటే తుపాకీ ఎవడు పట్టుకుంటాడని ఆయన భయం. ఆ సేనాధిపతి స్వయంగా డాక్టరు. సిపాయిలు ఆయనకి తెలియకుండా గోళ్ల కింద గుచ్చుకునేవారు. గుచ్చుకుని, చెప్పకుండా దాక్కుని, పక్కవాడికి అంటించేవారు. వేసవి రాగానే ఇంగ్లీషు ఓడలు వచ్చాయి, వీళ్లు పరుగు లంకించుకున్నారు. డాక్టరు సేనాధిపతి ఆ మశూచితోనే దారిలో పోయాడు. మిగిలినవాళ్లు ఈ దీవి మీద పడ్డారు. గుడారాల్లేవు, దోమలు, పొక్కుల మీద ఈగలు. రోజూ గుంటలు తీసి పదులకొద్దీ పూడ్చారు. ఆ గుంటలెక్కడో ఎవరికీ సరిగ్గా తెలియదు. మేము నిలబడిన గడ్డి కిందే ఉండొచ్చు.

వాడు చప్పున చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. "గాళ్లకు అమ్మతల్లి వోసిందని వాళ్ల అమ్మలకు ఎరికైందో లేదో" అన్నాడు.

అమ్మతల్లి అంటే వాడి ఊరి మాట. మేము అమ్మవారు అంటాం. మశూచి భూమ్మీద లేకుండా పోయినా ఆ మాట పోలేదు, ఆటలమ్మకి మిగిలింది. ఆటలమ్మ అంటే చిన్నపిల్లలకి వచ్చిపోయే పొక్కుల జబ్బే. చిన్నప్పుడు వస్తే ఆటే. ఇరవై దాటాక మొదటిసారి వస్తే ఆట కాదు, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఈ సంగతి ఇక్కడి పుస్తకాల్లో ఉంది, మన ఇళ్లలో లేదు.

ఆ తర్వాత శీతాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం వాడు రాలేదు. కర్నూలు అబ్బాయి ఒక్కడే వచ్చాడు. వచ్చి గుమ్మం బయట మంచులోనే నిలబడ్డాడు.

"లోపలికి రాను ఆంటీ. వాడికి పనుంది. డబ్బాలో పెట్టిస్తే పట్టుకుపోతా. అన్నం, పెరుగు చాలు."

"పులిహోర చేశానురా, వంకాయ కూర ఉంది..."

"వద్దాంటీ. తిరగమాత పెట్టిండేవి వద్దు."

గరిటె నా చేతిలోనే ఉండిపోయింది. తిరగమాత అంటే తాలింపు. తాలింపు చిటపటలు వినిపించకూడని ఇల్లు, ఆ ఇంటివాళ్లు పరాయి గడప తొక్కకూడని రోజులు, చప్పిడి పెరుగన్నం. ఇదేమిటో చెప్పడానికి నాకు డాక్టరు పట్టా అక్కర్లేదు, మా అమ్మ కూతుర్నయితే చాలు.

"ఎవరికి పోసింది?" అన్నాను.

వాడు బూటు మొనతో మంచు గీకుతున్నాడు.

"ఎవరికిరా?"

"ముందు నాకే వచ్చిందాంటీ. మా అమ్మ ఫోనులో చెప్పినట్టే చేసినా. తగ్గిపాయ. ఇప్పుడు వానికి. వాళ్లమ్మా అదే చెప్పింది. మందులేయొద్దు, సూది అసలే వద్దు, అమ్మోరికి కోపమొస్తాదని. మీకు చెప్తే ఆస్పత్రికి అంటారని..." అని ఏడ్చేశాడు. "రాత్రి నుంచి వానికి ఎగరోస్తాంది ఆంటీ."

ఎగరోస్తాంది అంటే ఆయాసం. కోటు వేసుకున్నానో లేదో కూడా నాకు గుర్తు లేదు. మా ఆయన అప్పటికే కారు తీశారు.

బేస్‌మెంటు తలుపుకి వేపరెమ్మ కట్టి ఉంది. ఈ మంచులో వేపాకు ఎక్కడ సంపాదించారో! పసుపు నీళ్ల గిన్నె, అగరొత్తులు, కిటికీకి తెల్లటి దుప్పటి. పరుపు మీద వాడు. ముఖం మీద చోటు లేకుండా పొక్కులు. అంత శుభ్రంగా, అంత భక్తిగా చంపుకుంటున్నారు పిల్లవాణ్ణి. కరోనాకి వరుసలో నిలబడి టీకాలు వేయించుకున్న పిల్లలే వీళ్లు! ఇంజనీరింగు చదివినవాళ్లే! నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. చంటిపిల్లాడికి చేసినట్టు ఒకడికొకడు అంత సేవ చేసుకున్నవాళ్ల మీద ఏమని అరుస్తాం?

"ఆంటీ," అన్నాడు వాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు. "బూట్లు... ఇడిసి రాండ్రి. తల్లి ఉన్నది."

చూసుకుంటే మంచు బూట్లతోనే లోపలికి వచ్చేశాను. విప్పి గుమ్మం దగ్గర పెట్టాను. వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. మెడ దగ్గర గుంట లోపలికి లాగేస్తోంది. నాడి పట్టుకునేసరికే నాకు అర్థమైంది. ఆంబులెన్సుకి ఫోను చేశాను.

"సూది వేస్తారా ఆంటీ?" అన్నాడు కర్నూలు అబ్బాయి. "అమ్మోరికి..."

"అమ్మవారితో నేను మాట్లాడతాలే. నువ్వు వాడి పాస్‌పోర్టు వెతుకు."

ఆంబులెన్సువాళ్లు ఫ్రెంచిలో అడిగారు, నేను చెప్పాను. స్ట్రెచరు మెట్లెక్కుతుంటే వేపరెమ్మ తెగి వాడి గుండెల మీద పడింది. తీసెయ్యబోయిన ఆంబులెన్సు మనిషిని మా ఆయన ఆపారు. "ఉండనివ్వండి" అన్నారు ఇంగ్లీషులో. మూఢనమ్మకమంటే నాకంటే ఎక్కువ మండిపడే మనిషి ఆయన.

ఆస్పత్రిలో ఎంత చెయ్యాలో అంతా చేశారు. మందు ఎక్కించారు, గొట్టం వేసి యంత్రం మీద పెట్టారు. నాకు చిన్నప్పుడే ఆటలమ్మ వచ్చి పోయింది కాబట్టి లోపల కూర్చోనిచ్చారు. వాడి చెయ్యి పట్టుకుని కూర్చుంటే, ఏ సంబంధమూ లేకుండా ఆ డాక్టరు సేనాధిపతి గుర్తొచ్చేవాడు. అన్నాళ్లూ ఆయన్ని తిట్టిపోశాను, చదువుకున్న మూర్ఖుడని. ఆయన సంగతి సరే, ఆ సిపాయిలో? గోళ్ల కింద గుచ్చుకుని డాక్టరుకి కనబడకుండా గడ్డివాముల్లో దాక్కున్నారే, వాళ్లకి రోగం కంటే డాక్టరంటేనే భయం. ఆదివారం ఆదివారం నా చేతి అన్నం తిన్న పిల్లలు జ్వరమొస్తే నా దగ్గరే దాచారు. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు. వాళ్ల మీద కోపమని కాదు. ఏడుపొస్తుంది, అంతే.

గంటకోసారి వాళ్లమ్మ ఫోను చేసేది. తెలుగు తప్ప మరో మాట రాదావిడకి. "తల్లి సల్లవడ్డదా అమ్మా?" అని అడిగేది. "ఇంకా లేదమ్మా" అనేదాన్ని. ఒక్కసారి కూడా ఏడవలేదు. అమ్మతల్లి ఇంట్లో ఉన్నప్పుడు ఏడవకూడదట. వీడియో పెట్టమని అడిగితే పెట్టాను. గొట్టాల మధ్య కొడుకుని చూసి, ఫోను అద్దం మీద చేత్తో నిమిరింది కాబోలు, తెరంతా అరచెయ్యే కనిపించింది.

ఒక మధ్యాహ్నం వాడు పోయాడు. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది, మంచు మీద పడి కళ్లలో గుచ్చుతోంది. కర్నూలు అబ్బాయి వరండాలో గోడకి ఆనుకుని కింద కూలబడ్డాడు. ఆవిడకి ఎవరు చెప్పాలి? నేనే చెప్పాను. నా జీవితంలో ఎంతమంది తల్లులకి ఆ మాట చెప్పి ఉంటానో. తెలుగులో చెప్పాల్సి రావడం ఇక్కడ అదే మొదలు.

ఫోనులో ఆవిడ వెనకాల ఎవరో ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఆవిడ వాళ్లని ఊరుకోమంది. తర్వాత నన్ను అడిగింది.

"అమ్మా, మీరు పెద్ద డాక్టరమ్మ అని పిలగాడు జెప్పేటోడు. ఒక్కమాట అడుగుత. నిజం జెప్పుండ్రి. మందులెయ్యద్దని నేనే జెప్పిన. నేను గట్ల అనకపోతె బతుకుతుండెనా?"

బతికేవాడు. పొక్కులు కనబడ్డ రోజునే మాత్రలు మొదలుపెట్టి ఉంటే నూటికి తొంభై పాళ్లు బతికేవాడు. మళ్లీ ఆదివారం వచ్చి నా తిట్లు తింటూ అన్నం తినేవాడు. నేను అబద్ధం చెప్పే డాక్టర్ని కాదు. రోగి ముఖం మీద నిజం కొట్టినట్టు చెబుతానని ఆస్పత్రిలో నాకు పేరు. పక్కనే మా ఆయన ఉన్నారు. ఏమంటానో అని నా ముఖంలోకి చూస్తున్నారు.

"లేదమ్మా," అన్నాను. "మందు వేసినా ఆగేది కాదు. మీరు చేసిందానిలో తప్పేం లేదు."

"ఒట్టేనా?"

"ఒట్టు."

"పిలగాని మీద ఒట్టేనా?"

"వాడి మీద ఒట్టు" అన్నాను. మా ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు.

ఆవిడ పెద్దగా ఊపిరి తీసుకుంది. అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, మెల్లగా సర్దుకుని, "అయితె ఒక్క పని జెయ్యిండ్రి అమ్మా. తల్లి పొయ్యేటప్పుడు తలకు నీళ్లు వోస్తరు. పసుపేసి, గోరువెచ్చగ. నేను వొయ్యాలె, నాకు అందడు. నా బిడ్డకు నీళ్లు వొయ్యకుంట పంపకుండ్రి" అంది.

శవాన్ని అప్పగించాక, అంత్యక్రియలు చూసే సంస్థవాళ్లని అడిగితే వెనకగదిలో ఒప్పుకున్నారు. చేతులకి తొడుగులు వేసుకోమన్నారు. నేను వాడి తల ఎత్తి పట్టుకున్నాను. పొక్కులన్నీ ఎండిపోయి నల్లబడ్డాయి. మా ఆయన చెంబు నింపి, పసుపు కలిపి కర్నూలు అబ్బాయికి అందించారు. పొయ్యడానికి చెంబు ఎత్తినవాడు ఆగాడు. తొడుగు తీసి ఒట్టి వేలు ముంచి చూసుకున్నాడు. "చల్లగుండాయి ఆంటీ" అని, పంపు దగ్గరికి వెళ్లి ఇంకొన్ని వేడినీళ్లు కలుపుకొచ్చాడు.